ఇంటి జోకు

నవ్వించడం కష్టమని అందరూ అంటారు గానీ, నవ్వకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆ ముందు వరసవాళ్ళని అడగాలి. ఫర్నిచర్ షాపు మీదున్న హాల్లో ప్రతి శనివారం సాయంత్రం కామెడీ ఉంటుంది. మెట్లెక్కుతుంటే వార్నిష్ వాసన ముక్కు బద్దలు కొడుతుంది. పైన మడత కుర్చీలు, ఒక మైకు, మైకు మీద ఒక లైటు. వెనక కుర్చీలవాళ్ళు టికెట్టు కొనుక్కుని వస్తారు, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటారు, కళ్ళు తుడుచుకుంటూ ఇళ్ళకి పోతారు. ముందు వరసవాళ్ళు మాత్రం నవ్వరు. ఎందుకంటే వాళ్ళు అభిమానులు.

అవును, అభిమానులే. కామెడీ అంటే చెవి కోసుకుంటారు. వానొచ్చినా వరదొచ్చినా శనివారం తప్పరు. ఎప్పటివో పాత రికార్డింగులు తవ్వి తీసి వింటారు. ఏ జోకు ఏ జోకుకి పినతల్లి కొడుకో వావి వరసలతో సహా చెబుతారు. అంత తెలిసిపోయాక ఇంక నవ్వడానికేం మిగులుతుంది? పైగా నవ్వితే వెనక కుర్చీలవాళ్ళకీ తమకీ తేడా ఏముంటుంది? మరీ మరీ నచ్చితే, మొహంలో ఒక్క గీత కదలకుండా "బాగుంది" అంటారు. ఆ హాల్లో అంతకు మించిన బిరుదు లేదు. ఆ ఒక్క మాట కోసం ఏళ్ళ తరబడి మెట్లెక్కి దిగిన మహానుభావులున్నారు.

ఆ వరసకి పెద్ద, కరెంటాఫీసులో గుమస్తాగా చేసే ఒకాయన. జన్మలో ఒక్కరికి ఒక్క అక్షరం నేర్పిన పాపాన పోలేదు గానీ, అందరూ ఆయన్ని మాస్టారూ అంటారు. ఆయన పక్క కుర్చీ బాణాలక్కది. మన కథ ఆవిడ గురించే.

బాణాలక్క షర్టుల ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర పనిచేస్తుంది. కుట్టిన షర్టు బల్ల మీదికి రాగానే ముందు కాలరు, తర్వాత భుజాలు, చంకలు, జేబు, బొత్తాలు, చివరికి అంచు చూస్తుంది. కుట్టు జారినా, దారం వేలాడినా, గింజంత మరక కనబడినా అక్కడ ఒక ఎర్ర బాణం స్టిక్కరు అంటిస్తుంది. బాణం మొన తప్పు వైపు ఉండాలి, కుట్టేవాళ్ళు వెతుక్కోకుండా. స్టిక్కరు పడ్డ షర్టు వెనక్కి మిషను దగ్గరికి పోతుంది, పడనిది ఇస్త్రీకి పోతుంది. ఇది బాగా కుట్టారు అని చెప్పడానికి స్టిక్కరేమీ లేదు. పొద్దస్తమానం అలా చూసీ చూసీ ఆవిడ కళ్ళు అలాగే తయారయ్యాయి. బస్సులో ముందు నిలబడ్డవాడి కాలరు వంకరగా ఉంటే, దిగేదాకా ఆవిడకి మనసు కుదురుగా ఉండదు.

మొదట్లో ఆవిడ కూడా వెనక కుర్చీల్లోనే కూర్చునేది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అప్పట్లో ఆవిడ నవ్వితే హాలు ఎగిరిపోయేది. జనం జోకు వదిలేసి వెనక్కి తిరిగి ఆవిణ్ణి చూసేవాళ్ళు. ఒక శనివారం మెట్లు దిగుతూ ఎవరితోనో "నవ్వానులే గానీ, చివరి మాటకి ముందే కుట్టు ఊడిపోయింది దానికి" అంది. అది మాస్టారి చెవిన పడింది. ఆయన ఆగి, ఆవిణ్ణి పైనుంచి కిందికి ఓసారి చూసి, "వచ్చే వారం ముందు కూర్చోండి" అన్నాడు. అంతే. ఫ్యాక్టరీలో ఎన్నేళ్ళు చేసినా "ఏయ్ చెకింగ్" అనే తప్ప పిలవనివాళ్ళ మధ్య బతికిన మనిషి. ఆ కుర్చీ దొరికేసరికి ఆవిడకి నిజంగా ఏడుపొచ్చింది. ఆ వారం నుంచీ నవ్వడం మానేసింది.

స్టిక్కర్ల ఆచారం పెట్టింది కూడా ఆవిడే. సరదాకే లెండి. ఎవడో కుర్రాడు తేలిపోయి మైకు దిగి వస్తుంటే, పర్సులో ఉన్న ఎర్ర బాణం ఒకటి తీసి వాడి చొక్కాకి అంటించింది. ముందు వరసకి ఆ పని తెగ నచ్చేసింది. నచ్చిందంటే నవ్వారని కాదు, తలలాడించారు. తర్వాతి వారానికల్లా అది చట్టమై కూర్చుంది. మైకు దిగినవాళ్ళు ముందు వరస చివరిదాకా నడిచి వెళ్ళాలి. ఒక్కొక్కళ్ళూ లేచి, పేలని జోకుకో బాణం చొప్పున అంటిస్తారు. కొంతమంది ఆ మెట్లు దిగేటప్పుడు ముళ్ళపందుల్లా దిగేవాళ్ళు. తక్కువ బాణాలతో బయటపడ్డవాళ్ళకి హాలు ఓనరు ఒక శనివారం షో మొత్తం ఇచ్చేవాడు.

ఇంకో చట్టం మాస్టారు పెట్టాడు. మైకెక్కినవాళ్ళు ముందు వరసలో ఎవరికైనా సొంతవాళ్ళయితే, ఆ సొంతవాళ్ళే ముందు లేచి అంటించాలి. పక్షపాతం అన్న మాట రాకూడదు కదా. ఆయన బావమరిది ఒకసారి మైకెక్కాడు. దిగాక మాస్టారే లేచి, అతని చొక్కాకి వీపు వైపు కూడా వదలకుండా అంటించాడు. ఆ బావమరిది మళ్ళీ అక్క గడప తొక్కలేదు. అయినా "మనిషంటే ఆయన" అని అందరూ మెచ్చుకున్నారు. బాణాలక్క కూడా మెచ్చుకుంది.

ఇక ఇంట్లో సంగతి. బాణాలక్క, తల్లి, తమ్ముడు, ముగ్గురే ఉంటారు. తమ్ముడు ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాడు. పొద్దున్నే చిన్న పెట్టె పట్టుకుని ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసుకొస్తాడు. ముసలివాళ్ళంతా వాడినే పంపమని ల్యాబుకి ఫోన్ చేస్తారు, ఎందుకంటే వాడి చేత్తో సూది తెలియదంటారు. చేతిలో ఏమీ లేదు, అంతా వాడి నోట్లోనే ఉంది.

తల్లికి గుండెలో వాల్వు మార్చారు. రక్తం పలచబడే మందు జీవితాంతం మింగాలి. ఎక్కువైతే రక్తం కారిపోతుంది, తక్కువైతే గడ్డ కడుతుంది. అందుకని నెల నెలా రక్తం చూసి మందు సరిచేయాలి, మానడానికి వీల్లేదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆ తల్లికేమో సూదంటే చచ్చేంత భయం. ఆపరేషన్ చేయించుకున్న మనిషి సూదికి భయపడడమేంటని అడక్కండి, భయానికి లెక్కలుండవు. ఆవిడ నరాలు కూడా ఆవిడలాంటివే, మనిషిని చూడగానే దాక్కుంటాయి.

తమ్ముడు వంటగదిలో స్టూలు వేసుకుని, ఆవిడ మోచేతి మడత మీద రెండు వేళ్ళతో తట్టేవాడు.

"టక్ టక్. ఏవండీ, ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

"ఏమోరా, చూడు" అనేది తల్లి, అప్పటికే పెదాలు బిగబట్టుకుని.

"లోపల అలికిడి వినిపిస్తోందమ్మా. కావాలనే తలుపు తియ్యట్లేదు మీ నరం. చుట్టాలొచ్చారు, తిష్ట వేస్తారేమోనని దాని భయం. చూడు చూడు, లైటు కూడా ఆర్పేసింది!"

లైటు దగ్గర తల్లి పొట్ట పట్టుకునేది. ప్రతి నెలా సరిగ్గా అక్కడే.

"ఉండిపోవడానికి రాలేదు తల్లీ, కాసిని మంచినీళ్ళు తాగి పోతాం" అని తమ్ముడు నరాన్ని బతిమాలేవాడు. తల్లి నవ్వాపుకుని చూసుకునేసరికి చేతి మీద దూది ఉండేది.

"ఎప్పుడు గుచ్చావురా?"

"నేనెక్కడ గుచ్చాను, అదే తలుపు తీసింది."

గుమ్మంలో నిలబడి జడ అల్లుకుంటూ బాణాలక్క చూస్తుండేది. ఒకప్పుడు ఆవిడ కూడా లైటు దగ్గర నవ్వేది. తర్వాత తర్వాత, ముందే తెలిసిన జోకుకి ఈవిడెలా నవ్వుతోందబ్బా అని తల్లి మొహం చూడ్డం మొదలుపెట్టింది.

ఒకరోజు తమ్ముడు అన్నం కలుపుకుంటూ, తలెత్తకుండా, "అక్కా, ఈ శనివారం నేను ఎక్కుతున్నా" అన్నాడు.

"ఎక్కడికి?"

"మీ హాల్లో, మైకు. ఓనరుతో మాట్లాడాను. బాగా వస్తే నాకో శనివారం ఇస్తానన్నాడు." వాడి చెవులు ఎర్రబడ్డాయి. "ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నా అక్కా. పొద్దున్నే ఒక్కొక్క మంచం దగ్గర ఒక్కొక్కళ్ళని నవ్విస్తున్నా కదా, అందరూ ఒకేసారి నవ్వితే ఎలా ఉంటుందో ఒక్కసారి వినాలని ఉంది."

"ముందు వరస సంగతి తెలుసా నీకు?"

"నువ్వుంటావుగా" అన్నాడు తమ్ముడు, ధీమాగా.

ఆవిడ మంచినీళ్ళ గ్లాసు వాడి వైపు జరిపింది. చట్టం సంగతి చెప్పొచ్చు. ఆరోగ్యం బాగోలేదని ఆ శనివారం మానేయొచ్చు. ఈ రెండూ ఆవిడ బుర్రలోకి వచ్చాయి, వచ్చిన దారినే పోయాయి. మానేస్తే మాస్టారు ఏమనుకుంటాడన్నది మాత్రం పోకుండా అక్కడే కూర్చుంది.

శనివారం రానే వచ్చింది. తమ్ముడు నీలం చొక్కా వేసుకుని వచ్చాడు. మైకుని తన ఎత్తుకి సరిచేసుకుని మొదలుపెట్టాడు. సూది చూసి మంచం కింద దూరిన పహిల్వాను గురించి చెప్పాడు. రక్తం తీస్తుంటే ఇంతెందుకు, కొంచెం తగ్గించుకోమని బేరమాడిన ముసలాయన గురించి చెప్పాడు. వెనక కుర్చీలు మొదట కిచకిచమన్నాయి, తర్వాత గలగలమన్నాయి. ముందు వరస చేతులు కట్టుకుని కూర్చుంది. మాస్టారు ఒకసారి గడియారం చూసుకున్నాడు.

చివర్లో తమ్ముడు మైకుని రెండు వేళ్ళతో తట్టాడు.

"టక్ టక్. ఏవండీ, ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

వాడు తల్లి నరాన్ని తెచ్చి ఆ హాల్లో పెట్టాడు. అలికిడి వచ్చింది, చుట్టాలొచ్చారు, లైటు ఆరిపోయింది. వెనక కుర్చీల్లో ఎవరో ఆడమనిషి, అచ్చం ఒకప్పటి బాణాలక్కలా, హాలు ఎగిరిపోయేలా నవ్వింది. ఆ నవ్వుకి మిగతావాళ్ళంతా పడి పడి నవ్వారు. వింటుంటే బాణాలక్కకి పక్కటెముకల కింద ఎక్కడో నవ్వు చిన్నగా కదిలింది. ఎన్నాళ్ళయిందో అలా కదిలి. అది పైకి, గొంతుదాకా వచ్చింది. ఆవిడ పళ్ళు బిగించి దాన్ని మింగేసింది. మింగాక మరి లేదు. చెయ్యి పెట్టి వెతికినా దొరికేది కాదు.

తమ్ముడు మైకు దిగి, నుదురు తుడుచుకుంటూ, మొహమంతా వెలిగిపోతూ ముందు వరస దగ్గరికి వచ్చాడు. వాడు విందామనుకున్నది విన్నాడు మరి.

"మీవాడేనట కదా" అన్నాడు మాస్టారు, ఆవిడకి మాత్రమే వినబడేలా.

ఆవిడ లేచింది. స్టిక్కర్ల చుట్ట చేతిలోనే ఉంది. ఒక్కటి అంటించి కూర్చోవచ్చు, ఎవరూ కాదనరు. కానీ ఒక్కటే అంటిస్తే తమ్ముడని వదిలేసిందంటారు. రెండంటిస్తే, ఒకటి ఎక్కువ వేసి కప్పిపుచ్చిందంటారు. చేతులకి అలవాటైన పనే కదా, వాటంతటవే మొదలుపెట్టాయి. కాలరు, భుజాలు, జేబు, బొత్తాల పట్టీ. కూలిపని చేస్తున్నట్టు చేసుకుపోయింది. అంటిస్తున్నది తమ్ముడికని తెలుసు, తెలిసినా ఏమీ అనిపించలేదు. అదే ఆవిడకి కొంచెం వింతగా తోచింది. తమ్ముడు మొదటి రెండింటికీ నవ్వుతూనే ఉన్నాడు, ఆటపట్టిస్తోందనుకుని. తర్వాత ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఈ చివరిది?" అన్నాడు మెల్లగా. "అమ్మది. దానికి కూడానా అక్కా?"

"అది ఇంటి జోకు" అంది బాణాలక్క. "ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, అలవాటు కొద్దీ. బయట నిలబడదు."

అని, గుండెల మీద ఒక బాణం అంటించింది. మొన ఎటు ఉందో కూడా చూసుకోలేదు. మిగతావాళ్ళకి చొక్కా మీద చోటు మిగల్లేదు. హాలు ఓనరు అటు తిరిగి కుర్చీలు మడతపెట్టుకోవడం మొదలుపెట్టాడు.

కింద టీ కొట్టు దగ్గర ముందు వరస అంతా నిలబడి, ఆ వారం జోకులని ముక్కలు ముక్కలుగా కోసి చూసుకున్నారు. ఊపిరున్న జోకు ఒక్కటి కూడా లేదని తేల్చారు. మాస్టారు టీ ఊదుకుంటూ బాణాలక్క వైపు తిరిగాడు.

"బాగుంది" అన్నాడు.

అందరూ ఆవిణ్ణే చూశారు. ఇన్నాళ్ళలో ముందు వరసలో మనిషికి ఆయన ఆ మాట అనడం అదే మొదలు. బాణాలక్క తలూపింది. టీ నోరు కాలేంత వేడిగా ఉందని పక్కనెవరో అంటే గానీ ఆవిడకి తెలియలేదు.

తమ్ముడు తిట్టలేదు, అలగలేదు. అలా చేసినా బాగుండేది, పోట్లాడుకుని తేల్చుకునేవాళ్ళు. వాడు మామూలుగానే లేచాడు, మామూలుగానే తిన్నాడు, "ఉప్పు అందుకో అక్కా" అన్నాడు. తల్లి నీలం చొక్కా ఉతుకుతూ, "ఏంట్రా ఇది, జిగురు జిగురుగా" అంటే, "ల్యాబులో ప్లాస్టరు అంటుకుందమ్మా" అన్నాడు. ఎదురింటి ముసలాయన ఒకరోజు బాణాలక్కని ఆపి, "మీవాడికి ఒంట్లో బాగాలేదా అమ్మా? ఇవాళ సూది తెలిసింది" అన్నాడు.

నెల తిరిగింది. వంటగదిలో స్టూలు, పెట్టె, రబ్బరు పట్టీ సిద్ధం చేసుకుని తమ్ముడు కూర్చున్నాడు.

"పిడికిలి బిగించమ్మా" అన్నాడు.

తల్లి చెయ్యి చాపి ఎదురుచూసింది. వాడు తట్టలేదు, వేలితో నొక్కి వెతుకుతున్నాడు. "తలుపు తట్టవేంట్రా?" అని ఆవిడే అడిగింది. వాడు వినబడనట్టు సూది మూత తీశాడు. సూది కంటబడేసరికి తల్లి కెవ్వుమని చెయ్యి లాగేసుకుంది. సూది పక్కకి పోయింది. మందు మింగే ఒళ్ళు కదా, సాయంత్రానికల్లా మోచెయ్యి నుంచి మణికట్టుదాకా వంకాయ రంగు తిరిగింది. "వచ్చే వారం చూద్దాంలే" అంది తల్లి. వచ్చే వారం "ఇంకో వారం" అంది. డాక్టరు ఫోన్ చేసి కేకలేశాడు. పాత లెక్కతో మందు మింగిస్తే మనిషి దక్కదని, అప్పుడు తనని అడగొద్దని అన్నాడు.

ఆ పొద్దున బాణాలక్క ఫ్యాక్టరీకి తయారై గుమ్మంలో నిలబడింది. తల్లి రెండు చేతులూ ఒళ్ళో దాచుకుని కూర్చుంది. తమ్ముడు పెట్టె తెరవకుండా ఎదురుగా కూర్చున్నాడు.

"చెప్పరా" అంది బాణాలక్క. "ఒక్కసారి చెప్పు, అమ్మ ఇస్తుంది."

"ఏం చెప్పాలి?"

"నీకు తెలీదా? తలుపు తట్టు."

తమ్ముడు ఆలోచించాడు. మనస్ఫూర్తిగానే ఆలోచించాడు పాపం. "నోరు రావట్లేదక్కా. మొదలుపెడదామంటే చివర తెలిసిపోతోంది. అందరికీ ముందే తెలిసిపోయేది చెప్పడమెందుకు అనిపిస్తోంది."

వాడి గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాణాలక్క వాడి కాళ్ళ మీద పడేదేమో. బ్యాగు కింద పెట్టి, స్టూలు పక్కన నేల మీద కూర్చుని, తల్లి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. రెండు వేళ్ళతో మోచేతి మడత మీద తట్టింది.

"టక్ టక్. ఏవండీ, ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

తల్లి కళ్ళు పెద్దవి చేసుకుని కూతురిని చూసింది. తమ్ముడు పెట్టె తెరిచి రబ్బరు పట్టీ కట్టాడు.

"లోపల అలికిడి వినిపిస్తోందమ్మా. కావాలనే తలుపు తియ్యట్లేదు మీ నరం. చుట్టాలొచ్చారు, తిష్ట వేస్తారేమోనని దాని భయం." ఒక్క మాట పొల్లుపోలేదు. ఇన్నేళ్ళు వింది కదా. "చూడు చూడు, లైటు కూడా ఆర్పేసింది."

తల్లి నవ్వలేదు. నవ్వాలని చూసింది, పెదాలు అటూ ఇటూ జరిపింది గానీ రాలేదు. చెయ్యి మాత్రం లాక్కోలేదు. కూతురి మొహం చూసి లాక్కోలేకపోయింది. సూది దిగింది, తల్లి పళ్ళ బిగువున "అమ్మా" అంది, గొట్టంలోకి రక్తం ఎక్కింది.

"తట్టాక ఒక్క క్షణం ఆగాల్సిందక్కా" అన్నాడు తమ్ముడు, గొట్టం వైపే చూస్తూ. "లైటు మాట కొంచెం తొందరగా పడింది."

"అవును" అంది బాణాలక్క. నిజమే మరి, తొందరగా పడింది.

తల్లి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, మొహంలో మాత్రం ఒక్క గీత కదల్లేదు. కూతురి తల మీద చెయ్యి వేసి నిమిరింది.

"బాగుందమ్మా" అంది.

తమ్ముడు సూది తీసి దూది పెట్టాడు. బాణాలక్క ఆ దూదిని బొటనవేలితో నొక్కి పట్టుకుని కూర్చుంది. చాలాసేపు పట్టుకోవాలి, పలచబడ్డ రక్తం తొందరగా ఆగదు.